ఆరె: తోలుతో పాటు నడిచిన మాట

నిర్గమకాండం 21వ అధ్యాయంలో బానిసల గురించి ఒక నియమం ఉంది. ఆరేళ్లు పనిచేసిన బానిసకు ఏడో ఏట విడుదల. వాడు మాత్రం యజమానినీ పెళ్లాంబిడ్డల్నీ వదిలి పోలేనంటే, వాణ్ణి తలుపు దగ్గరికో ద్వారబంధం దగ్గరికో తీసుకెళ్లి చెవికి బెజ్జం పెట్టాలి. ఇక చచ్చేదాకా ఆ ఇంటి బానిసే. బెజ్జం దేనితో పెట్టాలి అన్నచోట, ఎక్కువమంది చదివే తెలుగు అనువాదంలో 'కదురు' అని కనిపిస్తుంది. హీబ్రూ మూలంలో ఉన్నది 'మర్‌త్సేఅ'. అది నూలు వడికే కదురు కాదు, తోలుకు బెజ్జాలు పొడిచే పనిముట్టు. తెలుగులో దానికి పేరు లేకపోలేదు. చెప్పులు కుట్టే ఇళ్లలో అది ఆరె. ఆ ఇళ్లు దాటి బయట ఆ మాట పెద్దగా వినపడదు, అంతే.

చదువుకున్న తెలుగువాళ్లలో చాలామందికి సూది తెలుసు, గోనెసంచులు కుట్టే దబ్బనం తెలుసు, వడ్రంగి ఉలి తెలుసు. ఆరె అంటే చెట్టు పేరా, ఆరె కటికల పేరులో ఉన్న ఆరెనా అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆ రెండూ వేరే మాటలు, దీనికి సంబంధం లేదు. వాడుకలో ఇంత మూలన పడ్డ ఈ మాట ప్రపంచంలో మాత్రం విపరీతంగా తిరిగింది. హంగరీ దాకా, ఫిన్లాండ్ దాకా దీని చుట్టాలున్నాయి.

ముందు వస్తువు సంగతి. అరచేతిలో ఇమిడే గుండ్రటి చెక్క పిడి, దానికి దిగ్గొట్టిన వేలెడు ఇనుప ముల్లు. సూదికీ దీనికీ తేడా ఏమిటంటే, సూది బెజ్జం పెడుతూ దారాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. ఆరె ముందు దారి తెరుస్తుంది, దారం తర్వాత వస్తుంది. బరమాకీ దీనికీ తేడా ఇంకొకటి. బరమా చెక్కను తొలిచి పొట్టు బయటికి తోడేస్తుంది. ఆరె ఏదీ తీసెయ్యదు, ఉన్నదాన్నే పక్కకు నెడుతుంది. అందుకే ముల్లు ఆకారానికి అంత పట్టింపు. బట్టకూ కాగితానికీ గుండ్రటి మొన కావాలి, పోగులు తెగకుండా పక్కకు జరుగుతాయి. తోలుకైతే నాలుగు పలకల మొన మేలు, అది సన్నటి చీలిక చేస్తుంది. దారం బిగించాక ఆ చీలిక మళ్లీ దగ్గరికి మూసుకుంటుంది, కుట్టు గట్టిగా నిలుస్తుంది.

లోహం రాకముందే ఈ పనిముట్టు ఉంది. దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో 70 వేల ఏళ్లు దాటిన పొరల్లో ఎముకతో చేసిన ఆరెలు దొరికాయి. మన బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో కూడా 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ జరిపిన తవ్వకాల్లో ఎముక పనిముట్లు బయటపడ్డాయని నివేదికలు ఇచ్చారు. ఆల్ప్స్ మంచులో దొరికిన, 5 వేల ఏళ్లు దాటిన ఓట్జీ అనే మనిషి నడుముకు కట్టుకున్న తోలు సంచిలో ఒక చిన్న ఎముక ఆరె ఉంది. మనిషి రాగిని కరిగించడం నేర్చుకున్న కొత్తల్లో దానితో చేసుకున్న వాటిలో కత్తుల కంటే ముందు ఇది కనిపించడం ఆశ్చర్యం కాదు: లోహం కొంచెమే ఉన్నప్పుడు సన్నటి ముల్లే గదా చెయ్యగలిగేది. ఇజ్రాయెల్‌లోని తెల్ త్సాఫ్ అనే చోట సుమారు 7 వేల ఏళ్ల నాటి ఒక స్త్రీ సమాధిలో 4 సెంటీమీటర్ల రాగి ఆరె దొరికింది. ఆ ప్రాంతంలో ఇప్పటిదాకా దొరికిన అతి పాత లోహపు వస్తువుల్లో అదొకటి. అదే సమాధిలో ఉష్ట్రపక్షి గుడ్డు పెంకుతో చేసిన 1,668 పూసల మొలనూలు కూడా ఉంది. అంత ఆస్తి ఉన్న మనిషి పక్కన పెట్టారంటే ఆనాటికి ఆ ముల్లు విలువైన సొమ్మే.

ఇక మాట సంగతి. అమరకోశంలో 'ఆరా చర్మప్రభేదికా' అని ఉంది. ఆరా అంటే తోలును చీల్చేది అని అర్థం. ఆరా నుంచి ఆరెకు ఎంత దూరమో చెప్పక్కర్లేదు. అమరకోశం కంటే చాలా ముందు రుగ్వేదం ఆరవ మండలంలో పూషుడి చేతిలో ఈ ఆరా ఉంది. పూషుడు పశువులను కాచే దేవుడు, దారులు చూపే దేవుడు. పిసినారులైన పణుల గుండెలను ఆరాతో పొడిచి మాకు లొంగదీయమని ఆయన్ని వేడుకుంటారు. పశువుల కాపరి చేతిలో ఉంది కాబట్టి అక్కడది ములుకోల అనుకోవాలి. ఈ రెండర్థాలూ ఇప్పటికీ విడిపోలేదు. పంజాబీలో 'ఆర్' అంటే చెప్పులు కుట్టేవాడి ఆరె, ఎద్దును పొడిచే కర్రకు ఉండే ఇనుప మొన కూడా అదే. మరాఠీలో చెప్పులు కుట్టేవాడి ఆరె 'ఆరీ'.

ఈ మాటను పనిముట్టు పట్టినవాడి నోటనే వినాలంటే కాశీలో చెప్పులు కుట్టిన సంత్ రవిదాస్ దగ్గరికి వెళ్లాలి. ఆయన పదాలు సిక్కుల గురుగ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయి. సోరఠ్ రాగంలోని ఒక పదంలో ఆయన తన మీద తనే నవ్వుకుంటాడు. జనం చెప్పులు బాగుచేయించుకోడానికి వస్తున్నారు, ఈ చమారుకేమో కుట్టడం రాదు. పొడవడానికి 'ఆర్' లేదు, అతుకు వెయ్యడానికి 'రాంబీ' లేదు. పైకి చేతకానితనంలా ఉంటుంది. లోపల అర్థం వేరు: కుట్టీ కుట్టీ లోకం పాడైపోయింది, నేను కుట్టకుండానే చేరవలసిన చోటికి చేరాను అంటున్నాడు. తెలుగు పల్లెల్లో చెప్పులు కుట్టేవాళ్లకు ఆ రెండు మాటలూ తర్జుమా అక్కర్లేకుండానే తెలుస్తాయి. ఆర్ వాళ్ల ఆరె, రాంబీ వాళ్లు తోలు కోసే రంపె. కాశీలోని చమారుకూ తెలంగాణలోని మాదిగకూ నిత్యం వాడే భాష ఏ ఒక్కచోటా కలవకపోయినా పనిముట్ల పేర్లు కలిశాయి. కాశీ నుంచి ఇక్కడిదాకా చేరడానికి ఆ మాటలకు పండితుల సాయం అక్కర్లేకపోయింది.

ఇదే మాట ఉత్తరానికి వెళ్లిన దారి ఇంకా విచిత్రం. జర్మన్‌లో ఆరెను 'ఆలె' అంటారు, ఇంగ్లిష్‌లో 'ఆల్', లిథువేనియన్‌లో 'ఈలా'. సంస్కృతం, పర్షియన్ ఉన్న ఇండో ఇరానియన్ శాఖలో పాత 'ల'లు చాలాచోట్ల 'ర'లయ్యాయి కాబట్టి, అక్కడి లకారమూ మన రేఫా ఒకే మూలం నుంచి వచ్చినవని ఎక్కువమంది భాషావేత్తలు లెక్కగడతారు. ఇంతవరకు ఇండో యూరోపియన్ కుటుంబంలోని ఇంటి వ్యవహారమే. అసలు కథ కుటుంబం బయట ఉంది. హంగేరియన్‌లో ఆరెను 'ఆర్' అంటారు, అచ్చం పంజాబీలో లాగే. వోల్గా ప్రాంతంలో ఉండే ఎర్జ్యా జనం 'ఉరో' అంటారు. ఫిన్నిష్‌లో 'ఓర' అనే మాట ఉంది, ఇప్పుడు ఎక్కువగా ముల్లు అనే అర్థంలో వాడతారు. ఈ మూడూ యురాలిక్ భాషలు, సంస్కృతంతో పుట్టుకలో చుట్టరికం లేదు. మరి మాట ఎలా వచ్చింది? అరువుగా వచ్చింది. దాదాపు 4 వేల ఏళ్ల కిందట యురల్ పర్వతాల దక్షిణాన గడ్డి మైదానాల్లో ఇండో ఇరానియన్ భాషలు మాట్లాడే పశుపాలకులు, ఉత్తరాన అడవుల్లో యురాలిక్ భాషల వాళ్లు ఇరుగుపొరుగుగా ఉండేవాళ్లు. ఆ ఇచ్చిపుచ్చుకోవడాల్లో చేరిన మాటలు ఫిన్నిష్‌లో ఇప్పటికీ ఉన్నాయి. నూరు అంటే 'సత', మన శతం. సుత్తి అంటే 'వసర', మన వజ్రం. బానిస అంటే 'ఓర్య', అది ఆర్య శబ్దమేనంటారు. పోరులో పట్టుబడిన పరాయివాళ్ల పేరే బానిసకు పేరైందని ఊహ.

ఆ జాబితాలో ఆరె ఉండటం గమనించాలి. అరువు తెచ్చుకున్న వాటిలో దేవుడి ఆయుధం ఒకటి సుత్తిగా మారింది, చెప్పులవాడి ముల్లు ముల్లుగానే మిగిలింది. ఎముక ముల్లు వాడుతున్నవాడికి పొరుగువాడి చేతిలో లోహపు ముల్లు కనిపిస్తే వస్తువుతో పాటు పేరూ తెచ్చుకుంటాడు. మనం టార్చిలైటునూ స్క్రూడ్రైవర్‌నూ తెచ్చుకున్నట్టే.

పేరును ఇలా వారసత్వంగానో అరువుగానో మోసుకెళ్లని భాషలు పనిని బట్టి పేరు పెట్టుకున్నాయి. హీబ్రూ 'మర్‌త్సేఅ' పొడవడం అనే ధాతువుకు పనిముట్టును సూచించే 'మ' ముందు చేర్చి చేసిన మాట. అరబ్బీ 'మిఖ్రజ్' కూడా అదే పద్ధతి. అందులోని ధాతువు నుంచే పూసలకు 'ఖరజ్' అనే పేరు వచ్చింది, బెజ్జం లేకపోతే పూస కాదు కదా. రష్యన్ 'షీల', పోలిష్ 'షిద్వో', లాటిన్ 'సూబులా' కుట్టడం అనే క్రియ నుంచి వచ్చినవి. సంస్కృతంలో సీవనానికి, మంగళసూత్రంలోని సూత్రానికి కూడా అదే మూలం. లాటిన్ మాట వృక్షశాస్త్రంలోనూ బతికింది. అడుగున వెడల్పుగా ఉండి చివర సన్నగా ముల్లులా సాగిన ఆకును ఇప్పటికీ 'సబ్యులేట్' అంటారు. పక్షుల విషయంలో రష్యన్లు ఇదే పని చేశారు. మన చెరువులకు చలికాలంలో వచ్చే సూదితోక బాతు వాళ్లకు 'షిలఖ్వోస్త్', అంటే ఆరెతోక. బాతు అదే, తోక అదే. ఎవరింట్లో ఏ ముల్లు ఎక్కువ కనబడితే ఆ పేరు పెట్టారు.

ఫ్రెంచ్ 'అలెన్', ఇటాలియన్ 'లేజినా' జర్మానిక్ భాషల నుంచి తీసుకున్నవి. ఇటాలియన్ మాటకు ఒక చిత్రమైన వాలు ఉంది. 16వ శతాబ్దంలో అక్కడ పిసినారుల సంఘం మీద ఒక వ్యంగ్య రచన వచ్చింది. డబ్బు ఖర్చవుతుందని ఆ సంఘం సభ్యులు తమ చెప్పులు తామే ఆరెతో కుట్టుకుంటారు, సంఘం పేరే ఆరె సంఘం. ఆ దెబ్బకు ఇటాలియన్‌లో 'లేజినారె' అంటే పిసినారితనం చెయ్యడం అయింది, ఫ్రెంచ్ కూడా దాన్ని తెచ్చుకుంది. ఇంగ్లిష్‌లో 'ఆల్' అనే పనిముట్టుకూ 'అంతా' అనే అర్థమిచ్చే మాటకూ ఉచ్చారణ ఒకటే కావడంతో షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ మొదటి రంగంలోనే చెప్పులవాడి చేత దాని మీద శ్లేష వేయించాడు. పర్షియన్‌లో 'దెరఫ్ష్' అంటే ఆరె, జెండా కూడా. 'దెరఫ్ష్‌ను పిడికిలితో గుద్దడం' అంటే బలవంతుడితో పెట్టుకుని చెయ్యి తూట్లు పొడిపించుకోవడం. అరబ్బుల్లో ఇదే భావానికి ఇంకా ఘాటైన సామెత ఉంది: కన్ను మిఖ్రజ్‌ను ఎదిరించలేదు.

అన్నిటికంటే ఆసక్తిగా ఉండేది సంచిలో ఆరె. రష్యన్‌లో సామెత, సంచిలో ఆరెను దాచలేవు అని. చైనాలోనూ సంచిలో ఆరె గురించిన మాట ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే. చెప్పేవి మాత్రం పూర్తిగా వేరు. రష్యన్ సామెతలో ఆరె అంటే తప్పు, గుట్టు. ఎంత దాచినా పొడుచుకుని బయటికొస్తుంది. చైనాలో ఆరె అంటే ప్రతిభ.

ఆ చైనా కథ సిమా చియాన్ చరిత్రగ్రంథంలో ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో చిన్ సైన్యం జావో రాజ్యపు రాజధాని హాన్‌దాన్‌ను ముట్టడించింది. చూ రాజ్యం సాయం అడగడానికి పింగ్‌యువాన్ ప్రభువు 20 మందిని వెంటబెట్టుకుని బయల్దేరాలనుకున్నాడు. 19 మంది దొరికారు. మావో స్వీ అనేవాడు ముందుకొచ్చి నన్ను తీసుకెళ్లండి అన్నాడు. నా దగ్గర ఎన్నాళ్లుగా ఉంటున్నావని ప్రభువు అడిగాడు. 3 ఏళ్లు అన్నాడు. సమర్థుడు లోకంలో ఉండటం సంచిలో ఆరె ఉండటం లాంటిది, మొన వెంటనే బయటికొస్తుంది, 3 ఏళ్లయినా నీ పేరు నేను వినలేదంటే నీలో ఏమీ లేనట్టే అన్నాడు ప్రభువు. దానికి మావో స్వీ జవాబు: నన్ను సంచిలో వెయ్యమని ఈరోజే అడుగుతున్నాను, ముందే వేసి ఉంటే మొన కాదు, ములుకు మొత్తం బయటికొచ్చేది. వెళ్లాడు, చూ రాజును ఒప్పించింది కూడా అతనే. అవకాశం ఇవ్వకుండా ప్రతిభ కనిపించలేదని తేల్చేవాళ్లకు ఇంతకంటే సూటి సమాధానం దొరకదు. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అనుభవం లేదని వెనక్కి పంపేవాళ్లకు ఈ కథ వినిపించాలి.

చైనా భాషలో ఆరెకు దక్కిన మర్యాద ఇక్కడితో ఆగదు. నిద్ర ఆపుకోడానికి తొడలో ఆరె పొడుచుకుంటూ చదివిన సు చిన్ అక్కడ కష్టపడి చదవడానికి పెట్టింది పేరు. గుడిసె వేసుకోడానికి కూడా జాగా లేనివాణ్ణి 'ఆరె నిలబెట్టేంత నేల లేనివాడు' అంటారు. హాన్ కాలంలోనే, డబ్బున్నవాడి పొలాలు గట్టుకు గట్టు కలిసి పోతుంటే పేదవాడికి ఆరె నిలిపే చోటు లేదన్న మాట రాతలోకి ఎక్కింది. ఇది వినగానే తెలుగువాడికి గుర్తొచ్చేది దుర్యోధనుడు. వాడిసూది మొన గుచ్చినంత నేల కూడా పాండవులకు వదలనని ఉద్యోగపర్వంలో కృష్ణుడితో అన్నాడు. మనది సూది, వాళ్లది ఆరె. రేఖాగణితంలోనూ ఇదే తేడా. కింద వెడల్పు, పైన మొన ఉన్న గుండ్రటి ఘనాకారాన్ని చైనాలో 'గుండ్రటి ఆరె' అంటారు. భాస్కరాచార్యుడు లీలావతిలో అలా మొన తేలిన గుంటను 'సూచీఖాతం' అన్నాడు, దాని ఘనపరిమాణం సమానంగా తవ్విన గుంటలో మూడోవంతు అని లెక్క చెప్పాడు. మన స్కూలు పుస్తకాల్లో అదే ఆకారం శంకువు, అంటే మేకు.

తెలుగు సామెతల్లో వెతికితే సూది కనిపిస్తుంది. సూది కోసం సోదికెళ్తే పాత రంకు బయటపడటం అందరికీ తెలిసినదే. పొడిచే క్రియలకైతే లోటే లేదు. గుచ్చి గుచ్చి అడుగుతాం, మాట మనసులో గుచ్చుకుంటుంది, సూటిపోటి మాటలంటాం. ఆరె మాత్రం అందరి నోళ్లలో నానే సామెతల్లోకి రాలేదు. సూది ప్రతి ఇంట్లోనూ ఉంది. ఆరె ఊరి చివర ఒక వాడలో ఉంది. ఊరంతటికీ చెప్పులు, మోట బొక్కెన తోళ్లు, ఎద్దుల పట్టెడలు అక్కడే తయారయ్యేవి, వస్తువులు ఊళ్లోకి వచ్చేవి. పనిముట్టును చేతిలోకి తీసుకుని చూసే వీలు మిగతా ఊరికి లేదు, ముట్టుకుంటే మైల అనుకుంది కాబట్టి. అంటరానితనం భాషకు చేసిన నష్టాల్లో ఇదొకటి. రష్యాలో ఆరె అందరి సామెత అయింది. ఇక్కడ దళిత కవిత్వం వచ్చాకే ఆరె, రంపె, గూటం అచ్చులో గౌరవంగా నిలబడ్డాయి.

ఫ్రాన్స్‌లో ఈ ముల్లే ఒక పిల్లవాడి కళ్లు తీసిందంటారు. పారిస్‌కు తూర్పున కూప్వ్రే అనే ఊళ్లో జీనులు కుట్టేవాడి కొడుకు లూయీ బ్రెయిల్ 1812లో, మూడేళ్ల వయసులో, నాన్న పనిచేసే చోట తోలు పనిముట్టుతో ఆడుకుంటూ కంట్లో పొడుచుకున్నాడు. అది ఆరె అనీ, వంకీ కత్తి అనీ రెండు కథనాలున్నాయి. చీము రెండో కంటికీ పాకి ఐదేళ్లకే చూపు పూర్తిగా పోయింది. 1824 నాటికి, 15 ఏళ్లకే, చుక్కల లిపిని సిద్ధం చేశాడు. ఆ చుక్కలు పొడవడానికి ఫ్రెంచ్‌లో 'పువాంసోఁ' అనే పనిముట్టు వాడతారు, పిడీ మొనా ఉన్న చిన్న ఆరె లాంటిదే. మన అంధుల పాఠశాలల్లో దాన్ని స్టైలస్ అంటారు. స్లేటు అనే చట్రంలో కాగితం బిగించి కుడి నుంచి ఎడమకు పొడుచుకుంటూ పోవాలి, ఎందుకంటే చుక్క ఉబికేది కాగితానికి అవతలి వైపు. తిప్పి చదివితే ఎడమ నుంచి కుడికి వస్తుంది.

అంటే ఆరె తెలుగువాళ్లకు పూర్తిగా పరాయిదేనా అంటే, కాదు. పెళ్లి బ్లౌజుల పుణ్యమా అని ఇంకో దారిలో వచ్చి ఇప్పుడు ప్రతి టైలరింగ్ షాపు బోర్డు మీదా ఉంది: ఆరి వర్క్. కచ్‌లోని మోచీలు తోలు మీద పట్టుదారంతో పువ్వులు కుట్టేవాళ్లు. వాళ్ల ఆరె మొనలో చిన్న కొక్కెం ఉంటుంది. అదే పనితనం తోలు మీద నుంచి బట్ట మీదకు మారి రాజుల కొలువులకు చేరింది, ఆ కుట్టుకు మోచీ భరత్ అని పేరొచ్చింది. రోడ్డు పక్కన చెప్పు బాగుచేసే మనిషి చేతుల్ని కాసేపు గమనిస్తే పద్ధతి అర్థమవుతుంది. కుడిచేత్తో ఆరె పైనుంచి అట్టలోకి దిగుతుంది, కింద ఎడమచెయ్యి దారాన్ని కొక్కేనికి తగిలిస్తుంది, ఆరె ఆ దారాన్ని ఉచ్చులా పైకి లాగుతుంది. మగ్గం మీద బిగించిన పట్టుబట్ట దగ్గర కూర్చున్న పనివాడి చేతులూ అంతే. కొక్కెం పైనుంచి దిగుతుంది, అడుగున ఎడమచెయ్యి దారం అందిస్తుంది, కొక్కెం కొంచెం తిరిగి దారాన్ని పైకి తెస్తుంది. ముందు లాగిన ఉచ్చులోంచే తర్వాతి ఉచ్చు వస్తుంది, గొలుసుకుట్టు సాగుతుంది. ఈ కుట్టు 18వ శతాబ్దంలో యూరప్‌కు పాకి అక్కడ 'టాంబూర్' అయింది, చట్రం డప్పులా ఉంటుందని ఆ పేరు.

బ్లౌజు మీద కుడితే వేలల్లో ధర పలికే పని, అట్ట మీద కుడితే చిల్లర డబ్బులకు జరుగుతుంది. రెండు చోట్లా పనిముట్టు ఒక్కటే, పేరూ ఒక్కటే. కానీ బోర్డు చూసినవాళ్లెవరికీ చెప్పులు గుర్తురావు. ఈ పని నేర్పేవాళ్లు ఆ పనిముట్టును 'ఆరి సూది' అంటారు. ఆరి అంటేనే ముల్లు గదా, మళ్లీ సూది ఎందుకన్న అనుమానం ఎవరికీ రావడం లేదు.